అనుమానానికి ఆరు అంతస్తులు

లిఫ్టు పనివాళ్లు ఆయన్ని పర్హాప్స్ అంటారు, బహుశా అని. ముఖం మీద అలా పిలవడానికి మొహమాటపడేవాళ్లు చివర ఒక 'గారు' తగిలిస్తారు. పేరు పెట్టిన రోజున అది ఉత్త వెటకారం. తేల్చి చెప్పమంటే నీళ్లు నమిలే మనిషని, గోడ మీద పిల్లి అని ఆయన గురించి అనని మాట లేదు. ఇప్పుడు అవే నోళ్లు ఆ పేరును ఎంత మర్యాదగా పలుకుతున్నాయో వింటే నవ్వొస్తుంది. మనుషులు అంతే. ఒకరి విలువ తెలియడానికి ఏళ్లు పడుతుంది, తెలిశాక మాత్రం మొదట్నుంచీ తెలిసినట్టే మాట్లాడతారు.

చూడటానికి మనిషి ప్రత్యేకంగా ఏమీ ఉండడు. యాభై రెండేళ్ల వయసు, బక్కపలచని ఒళ్లు, చొక్కా జేబులో టెస్టరు, ప్యాంటు జేబులో నూనె మరకల గుడ్డ. చదివింది పదో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కింది పేపరు దిద్దిన మాస్టారి మంచితనం వల్లేనని ఆయనే చెప్పుకుంటాడు. అలాంటి మనిషికి ముప్పయ్యేళ్లుగా నెత్తిన పడ్డ పని ఏమిటంటే, యంత్రం మీద చెయ్యి పెట్టినప్పుడు తన మనసుకు తోచినదాన్ని ఇంగ్లీషులో రాయడం.

ఎందుకంటే ఆయన కంపెనీ హెడ్డాఫీసు వేరే ఊళ్లో ఉంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఒకరిద్దరున్నా చదివేవాళ్లు లేరు. మెకానిక్ ఏ లిఫ్టు చూసినా చివర ఒక పసుపు కాగితం నింపి పంపాలి. బ్రేకు, రోపులు, తలుపులు, నూనె, అన్నిటికీ గళ్లు ఉంటాయి. వాటిలో టిక్కులు పెడితే సరిపోతుంది. అడుగున మాత్రం 'అబ్జర్వేషన్స్' అని నాలుగు ఖాళీ గీతలు. నూటికి తొంభై మంది ఆ గీతల మీద 'ఓకే' అని రాసి సంతకం గీకేస్తారు. లిఫ్టును లాగే మెషీను భవనం పైకప్పు మీద గదిలో ఉంటుంది కదా, ఆ మేడ ఎక్కకుండానే కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఓకే రాసేసే మహానుభావులూ ఉన్నారు.

ఈయన పద్ధతి వేరు. మెషీను గదిలోకి వెళ్లగానే సంచి కింద పెట్టి, ముందుగా అరచెయ్యి మోటారు పక్కనున్న ఇనప దిమ్మ మీద ఆనిస్తాడు. లిఫ్టు నాలుగైదుసార్లు పైకీ కిందకీ తిరిగేదాకా కదలడు. ఆ తర్వాతే కొలతలు. "ఏం వినిపిస్తుందన్నా దాంట్లో?" అని తోటివాళ్లు అడిగితే, "వినిపించదురా, తెలుస్తుంది" అంటాడు. అంతకంటే చెప్పడం ఆయనకు తెలుగులోనే రాదు. ఇక ఇంగ్లీషు సంగతి వేరే చెప్పాలా!

పదమూడేళ్ల కిందట ఒక ఆఫీసు భవనంలో చెయ్యి పెడితే ఆ లిఫ్టు ఎందుకో ఆయనకు నచ్చలేదు. బ్రేకు పట్టు వదిలేటప్పుడు ఏదో తేడా. కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొలతకు దొరకనిదాన్ని గట్టిగా రాస్తే నవ్వుతారేమోనని జంకి, జేబు నిఘంటువు తిరగేసి, 'స్లైట్లీ డౌట్‌ఫుల్' అని రాశాడు. కాస్త అనుమానంగా ఉందని. హెడ్డాఫీసులో చదివినవాళ్లకు ఆ 'కాస్త' కనిపించింది గానీ అనుమానం కనిపించలేదు. తొమ్మిదో రోజున లిఫ్టు ఒక అంతస్తు మేర జారి, దబ్బున ఆగింది. లోపల ఉన్నది ఆ ఆఫీసు ఊడ్చే ఆవిడ. కుడి చీలమండ విరిగింది.

విచారణలో అప్పటి ఇంజనీరు ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "అనుమానం ఉంటే ఉందని రాయాలి. ఈ స్లైట్లీ ఏమిటయ్యా?" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన చూడటానికి వెళ్తే, ఊడ్చే ఆవిడ మంచం మీంచే ఓదార్చింది. "నువ్వేం చేస్తావు తమ్ముడూ, మెషీను కదా."

"మెషీను కాదక్కా. నేను రాసిన మాట."

ఆవిడకు అర్థం కాలేదు. ఆయనకు మాత్రం ఆ 'స్లైట్లీ' ముల్లులా దిగబడిపోయింది. తన పిరికితనానికి తాను వేసుకున్న ముసుగు అది. విరిగింది ఇంకొకరి కాలు.

ఆ దెబ్బతో మరుసటి ఏడాది ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తాడు. ఒక బట్టల షాపు లిఫ్టు దగ్గర మనసు కీడు శంకించింది. ఈసారి నిఘంటువు జోలికి పోకుండా, పెద్దక్షరాలతో 'డేంజరస్' అని రాసి, స్విచ్చి కట్టేసి, గదికి తాళం వేసుకుని వచ్చేశాడు. షాపుకు అసలే గిరాకీ రోజులు. ఇంజనీర్లు వచ్చి మెషీనును ఏ ముక్కకు ఆ ముక్క ఊడదీసి చూశారు. ఏమీ లేదు. నిక్షేపంలా ఉంది. షాపు యజమాని లిఫ్టు కంపెనీ ఇక్కడి మేనేజరుకు, ఆ మేనేజరు ఈయనకు ముఖం వాచేలా చీవాట్లు పెట్టారు. రెండు వారాలు పనిలోకి రావద్దన్నారు. ఇకమీదట ఇంజనీరు మాట లేకుండా ఏ మెకానిక్కూ లిఫ్టు ఆపకూడదని ఒక ఉత్తర్వు కూడా వచ్చింది, ఈయన పుణ్యమా అని.

ఆ రెండు వారాలూ ఆయన భార్యకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆయన ఆ కుట్టుమెషీను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "కాస్త అంటే వినరు. ప్రమాదం అంటే ఏమీ ఉండదు. మధ్యలో మాటే లేదా?" అని పొద్దస్తమానం అదే పాట.

"నాతో మాట్లాడేటప్పుడు బోలెడుంటాయి కదండీ మీకు," అందావిడ సూది కింద గుడ్డ సర్దుతూ. "ఎందుకో మనసొప్పట్లేదు అంటారు. ఏదో తేడాగా ఉంది అంటారు. నాకు నమ్మకం కుదరట్లేదు అంటారు. ఒక్కోదానికీ ఒక్కో బరువు. ఏది ఎంతో నాకు తెలుస్తుంది."

"నీకు తెలుస్తుంది. పదిహేనేళ్ల కాపురం. హెడ్డాఫీసు వాళ్లతో నేను కాపురం చెయ్యలేదుగా."

ఆవిడ పకపకా నవ్వింది. ఆయన మాత్రం ఆ బరువు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. బరువులు తెలిసిన పనే కదా తనది.

మళ్లీ పనిలో చేరాక ఆయన చేసిన మొట్టమొదటి పని, తాను చూసే ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తు తలుపు తట్టడం. అక్కడ రిటైరైన ఇంగ్లీషు టీచరొకావిడ ఉంటుంది. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాచ్‌మన్ ముందే హెచ్చరించాడు.

"ఏం కావాలి? లిఫ్టు బాగానే ఉందిగా?"

"లిఫ్టు బాగుందండీ. నా ఇంగ్లీషే బాగాలేదు."

ఆవిడ సగం తెరిచిన తలుపు పూర్తిగా తెరిచింది.

నెలకు రెండుసార్లు, లిఫ్టు పని అయ్యాక అరగంట పాఠం అని ఒప్పందం. మొదటి రోజు ఆవిడ వ్యాకరణం పుస్తకం తీయబోతే ఆయన రెండు చేతులూ జోడించాడు. "అదొద్దు టీచరుగారూ. నాకు ఒక్కటే కావాలి. తెలిసీ తెలియనట్టుగా తెలిసినదాన్ని ఎలా చెప్పాలో నేర్పండి." ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత మంచి ప్రశ్న తనను ఎవరూ అడగలేదని ఆవిడ తర్వాత వాచ్‌మన్‌తో అందట. ఆయనతో మాత్రం, "ముందు చేతులు కడుక్కునిరా, నూనె కంపు" అంది.

ఆవిడ ఒక్కో మాటా చెప్పడం, ఆయన దాన్ని నాలుగైదుసార్లు పలికి బరువు చూడటం. లిఫ్టు మనిషి గనక వాటిని అంతస్తులుగా పేర్చుకున్నాడు. అన్నిటికంటే కింద 'నాట్ ష్యూర్'. దాని మీద 'పర్హాప్స్'. ఆ పైన 'ఐ ఫీల్'. ఆ పైన 'ఐ సస్పెక్ట్'. ఐదోది 'ఐ బిలీవ్'. చిట్టచివర, ఆరో అంతస్తులో, 'ఐ యామ్ ష్యూర్'. ఇందులో 'ఐ ఫీల్' దగ్గర ఇద్దరికీ పెద్ద వాదన. అది ఇంకా పైన ఉండాలని ఆవిడ పట్టు. "మనసుకు అనిపించడమంటే చిన్న విషయమా?" అంది. "నాకు పెద్దదే టీచరుగారూ. చదివేవాళ్లకు చిన్నది" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, ఓడిపోయానని ఒప్పుకోకుండా టీ పెట్టడానికి లేచింది.

ఒకరోజు ఆయన విసిగిపోయి అడిగేశాడు. "ఇన్ని మాటలున్నాయి కదా, వీటిలో ఏది రాస్తే నమ్ముతారు?"

"ఏదీ నమ్మరు. మాటలో ఏముంది నాయనా? నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా తర్వాత ఏం జరిగిందో, దాన్ని నమ్ముతారు. అది చూపించగలవా?"

ఆ రోజే దారిలో ఒక నోటుపుస్తకం కొన్నాడు. అప్పట్నుంచి ఏ లిఫ్టు మీద ఏ అనుమానం కలిగినా, తేదీ, ఏ లిఫ్టు, ఏ మాట రాశాడు, అన్నీ అందులోకి ఎక్కించాడు. పక్కన ఒక ఖాళీ. నెలకో రెండు నెలలకో సంగతి తేలాక ఆ ఖాళీలో 'నిజం' అనో 'తప్పు' అనో రాసేవాడు. ఎవరూ అడగని పుస్తకం, ఎవరూ చూడని పుస్తకం. తప్పయిన చోట తప్పని రాయడానికి ఎంత గుండె కావాలో చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది. మన అంచనాలు తప్పినవి మనకు ఎన్ని గుర్తున్నాయి? పైగా ఆయన అనుమానాల్లో ఎక్కువ భాగం రెండో అంతస్తువే. అందుకని పసుపు కాగితాల మీద వారం వారం 'పర్హాప్స్' కనిపించేది, ఆఫీసులో నవ్వులు పూసేవి, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆయన పట్టించుకోలేదు. పదకొండేళ్లు అలాగే రాసుకుంటూ పోయాడు.

ఇక ఆస్పత్రి సంగతి.

ఆ ఆస్పత్రికి రెండు లిఫ్టులు. ఒకటి వచ్చీపోయే జనానికి. రెండోది పెద్దది, స్ట్రెచర్లకు. ఆపరేషన్ థియేటరు ఐదో అంతస్తులో ఉంది. పెద్ద లిఫ్టు ఆగిందంటే ఆపరేషన్లయినా ఆగాలి, లేదా రోగుల్ని నలుగురు పట్టుకుని మెట్ల మీద మొయ్యాలి.

కిందటేడు ఒక సోమవారం ఉదయం ఆయన ఆ పెద్ద లిఫ్టు మెషీను మీద చెయ్యి ఆనించాడు. బరువుతో బయల్దేరిన క్షణంలో అరచేతికి ఏదో తగిలింది. మనిషి ఏదో చెప్పబోయి గుటక వేసి ఊరుకున్నట్టు. రెండో ట్రిప్పులో లేదు. మూడో ట్రిప్పులో మళ్లీ ఉంది. గంటన్నర కొలిచాడు. బ్రేకు సరిగ్గా ఉంది. బేరింగుల వేడి సరిగ్గా ఉంది. రోపుల మీద గుడ్డ పెట్టి లాగితే ఎక్కడా తెగిన తీగ పట్టుకోలేదు. మిగిలింది రోపులను మోసే పెద్ద చక్రం, ఆ చక్రాన్ని మోసే షాఫ్టు, అంటే ఇరుసు. షాఫ్టు చక్రం లోపల దాగి ఉంటుంది, విప్పితే తప్ప కనిపించదు. ఆయన మనసు దాని చుట్టూనే తచ్చాడింది.

ఆస్పత్రి ఆఫీసుకు వెళ్లి, లిఫ్టు ఒక రోజు ఆపితే మంచిదని చెప్పాడు. "మీ ఇంజనీరు చేత చెప్పించండి, ఆపుతాం. ఇవాళ ఎనిమిది ఆపరేషన్లున్నాయి" అన్నారు. వాళ్లదీ తప్పు కాదు. వచ్చి వసారాలో బెంచీ మీద పసుపు కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గళ్లన్నిటిలో టిక్కులు పెట్టాడు. ఇక నాలుగు గీతలు. 'పర్హాప్స్' అంటే వచ్చే నెల చూద్దామంటారు. 'ఐ బిలీవ్' అనడానికి లోపల అనుమానం అంత పైకి ఎక్కలేదు. ఆరో అంతస్తు మాట రాస్తే మాత్రం మారు మాట్లాడకుండా ఆపేస్తారు. రాసేస్తే పోలా? ప్రాణాల కోసం చెప్పే అబద్ధమేగా? కలం ఆ మాట దాకా వెళ్లింది కూడా. కానీ తనకు నిజంగా తెలిసిందెంతో అంతే రాస్తానని పదకొండేళ్లుగా తనతో తాను చేసుకున్న ఒప్పందం ఒకటుంది. అది ఇవాళ తెగితే రేపట్నుంచి తన చేతిని తానే నమ్మలేడు.

చివరికి రాశాడు. 'ఐ సస్పెక్ట్ ది మెయిన్ షాఫ్ట్. ఐ హ్యావ్ నో మెజర్‌మెంట్ టు షో. ప్లీజ్ ఓపెన్ అండ్ సీ.' షాఫ్టు మీద అనుమానం ఉంది, చూపించడానికి కొలత లేదు, దయచేసి విప్పి చూడండి అని. ఫోటో తీసి హెడ్డాఫీసు ఇంజనీరుకు ఫోనులో పంపాడు. ఇంజనీరమ్మ కొత్తగా వచ్చిన మనిషి, ఈయనతో ముఖపరిచయం కూడా లేదు. మీటింగులో ఉన్నారని, గంట పడుతుందని జవాబొచ్చింది.

ఆ గంట ఆయన ఏం చేశాడో విన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. లిఫ్టు తలుపు దగ్గర నిలబడ్డాడు. వార్డుబాయి ఒక స్ట్రెచర్ తోసుకొచ్చాడు. దాని మీద డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. పొట్టలో ఏదో తిరగబడి, గంటలోపు ఆపరేషన్ చెయ్యాల్సిన కేసు. ఈయన కూడా వెనకే ఎక్కేశాడు.

"మీరెక్కడికి?" అన్నాడు వార్డుబాయి.

"పైకే."

ఆపే అధికారం తనకు లేదు. ఖాయంగా తెలియని ప్రమాదం కోసం ఆవిడ ఆపరేషన్ ఆలస్యం చేయించే ధైర్యమూ లేదు. జరిగేదేదో తాను లోపలుండగానే జరగాలి, ఆయనకు తోచింది అదొక్కటే. పెద్దావిడ చెయ్యి చాచి ఆయన వేళ్లు పట్టుకుంది. "భయంగా ఉంది నాయనా" అంది. ఆవిడ భయం ఆపరేషన్ గురించి. ఏం కాదమ్మా అని ఎవరమైనా అనేస్తాం. ఆయన అనబోయి ఆగాడు. ఆ మాట ఆయనకు అంత తేలిగ్గా రాదు.

"నేను కూడా వస్తున్నానమ్మా," అన్నాడు.

ఐదు అంతస్తులు. ఆ గంటలో ఇంకో నాలుగు స్ట్రెచర్లు, నాలుగుసార్లూ ఆయనే పక్కన. ఐదోసారి కిందకు దిగుతుండగా ఫోను మోగింది.

"రిపోర్టు చూశాను," అంది ఇంజనీరమ్మ. "కొలతలన్నీ బాగున్నాయి. సస్పెక్ట్ అంటే ఎంత? ఎలా అర్థం చేసుకోవాలి నేను?"

"మేడం, పదకొండేళ్లలో ఆ మాట ముప్పై ఎనిమిదిసార్లు రాశాను. ఇరవై మూడుసార్లు నిజమైంది."

"మిగతా పదిహేను?"

"తప్పాను మేడం. ఏ లిఫ్టు, ఏ తేదీ, అన్నీ ఉన్నాయి. చదవమంటారా?"

"అక్కర్లేదు," అంది ఆవిడ. "ఇప్పుడే ఆపేయండి. నేను బయల్దేరుతున్నాను."

రెండు రోజులు రోగుల్ని మెట్ల మీద మోశారు. మోసినవాళ్లు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆయన కూడా స్ట్రెచర్ ఒక కొస పట్టి మోస్తూ, ఆ తిట్లన్నీ పక్కనే ఉండి విన్నాడు. మూడో రోజు చక్రం ఊడదీశారు. షాఫ్టు చూడటానికి నున్నగా మెరుస్తోంది. ఎక్కడా గీత కూడా లేదు. మేనేజరు గట్టిగా నిట్టూర్చాడు. ఇంజనీరమ్మ షాఫ్టంతా ఎర్ర రంగు మందు చల్లించి, పావుగంట ఆగి, శుభ్రంగా తుడిపించి, పైన తెల్ల మందు కొట్టించింది. లోపల పగులుంటే అందులో ఇంకిన ఎరుపు తెలుపు మీదకు ఊరుతుంది. అందరూ గుండ్రంగా నిలబడి చూస్తున్నారు. మొదట ఏమీ లేదు. తర్వాత వెంట్రుక మందాన ఒక ఎర్ర గీత లేచింది. అది మెల్లగా పాకుతూ, షాఫ్టు చుట్టూ సగానికి పైగా తిరిగి ఆగింది. ఆయన నోటుపుస్తకం తీసి, ఆ సోమవారం తేదీ పక్కనున్న ఖాళీలో 'నిజం' అని రాశాడు.

పది రోజుల తర్వాత మేనేజరు కబురు పెట్టాడు. హెడ్డాఫీసు ఈ సంగతి అన్ని శాఖలకూ పంపుతోందట, ప్రశంసాపత్రం ఇస్తుందట. ఇంగ్లీషులో ఒక వాంగ్మూలం సిద్ధంగా టైపు చేసి ఉంది. ఆయన వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు. 'ఐ వాజ్ ష్యూర్' అని ఉంది.

"ఇది కాదు సార్. నేను సస్పెక్ట్ అని రాశాను."

"తెలుసయ్యా. కానీ నిజమైందిగా! ఖాయంగా తెలుసని ఉంటే చదివేవాళ్లకు బాగుంటుంది. నీకే పేరు. సంతకం పెట్టు."

"పెట్టలేను సార్."

"ఏమిటయ్యా నీ చాదస్తం? ఒక్క మాట తేడా!"

ఆయన జీవితంలో గొంతు పెంచి మాట్లాడింది లేదు. అప్పుడూ పెంచలేదు. "ఖాయంగా తెలిసుంటే ఆ పెద్దావిడని లిఫ్టు ఎక్కనిచ్చేవాణ్ణా సార్? తలుపుకి అడ్డం పడుకునేవాణ్ణి. తెలియదు కాబట్టే ఎక్కనిచ్చాను. ఇప్పుడు తెలుసని సంతకం పెడితే, తెలిసి కూడా ఎక్కించానని ఒప్పుకున్నట్టే కదా. ఐదుగురిని ఎక్కించాను సార్, ఆ గంటలో."

మేనేజరు ఆ కాగితం తనవైపు లాక్కుని, ఆ మాట కొట్టేసి, పైన తన చేత్తో 'ఐ సస్పెక్టెడ్' అని రాసి ఇచ్చాడు. ఆయన సంతకం పెట్టాడు.

"ఆ పెద్దావిడ ఎలా ఉందో తెలుసా?" అన్నాడు మేనేజరు, చాలా మెల్లగా.

"ఇంటికెళ్లిపోయింది సార్. నిన్న వెళ్లి చూసొచ్చాను. బాగుంది. ఆ రోజు తోడొచ్చానని నన్ను తెగ మెచ్చుకుంది." కలం మూత పెట్టి మేనేజరుకు అందించాడు. "అసలు సంగతి ఆవిడకు చెప్పాలా వద్దా అన్నదే నాకింకా తెలియట్లేదు."